గుండె ఆగిన మనిషి మర్నాడే లేచి కూర్చునే సీన్ గురించి, అది రాసిన మనిషి అడుగుతున్న ప్రశ్న

సీన్‌పేపర్:

పదకొండేళ్లుగా టీవీ సీరియల్స్‌కి మాటలు రాస్తున్నాను. వారానికి ఆరు ఎపిసోడ్లు. కూర్చుని ఆలోచించి రాసిన సీన్ల కంటే అలవాటు మీద చెయ్యి రాసుకుపోయినవే ఎక్కువ. అలా రాసుకుపోయిన సీన్ ఒకటి మూడు వారాలుగా నన్ను నిద్రపోనివ్వడం లేదు. ఇక్కడ ఆసుపత్రుల్లో పనిచేసేవాళ్లు, సినిమా పనివాళ్లు, పాఠాలు చెప్పినవాళ్లు ఉన్నారని తెలిసి అడుగుతున్నాను. పొడుగైనా ఓపిగ్గా చదవండి.

సీన్ ఇది. కథలో పెద్దాయనకి గుండె ఆగిపోతుంది. మానిటర్ మీద గీత తిన్నగా అయిపోతుంది. డాక్టరు ఛాతీ మీద నాలుగైదుసార్లు ఒత్తుతాడు, లాభం లేక షాక్ పెడతాడు. తలుపు అద్దం అవతల కోడలు "మామయ్యా" అని అరుస్తుంది. గీత కదులుతుంది. తర్వాతి ఎపిసోడ్‌లో ఆయన దిండుకి ఆనుకుని కూర్చుని ఆస్తి కాగితాల గురించి మాట్లాడతాడు. ఈ పదకొండేళ్లలో ఇదే సీన్ కనీసం తొమ్మిదిసార్లు రాసి ఉంటాను. పాత్రల పేర్లు మారాయి, అంతే.

మా పక్కింట్లో 84 ఏళ్ల పెద్దావిడ ఉండేవారు. కిడ్నీలు పాడై ఐసీయూలో చేర్చారు. డాక్టర్లు కొడుకుని పక్కకి పిలిచి, గుండె ఆగితే తిరిగి ఆడించే ప్రయత్నం చేయమంటారా, వద్దంటారా అని అడిగారట. ఆయన క్షణం ఆలోచించలేదు, చేయమన్నాడు. మర్నాడు తెల్లవారుజామున గుండె ఆగింది. చేశారు. పక్కటెముకలు విరిగాయి. గుండె ఆడింది గానీ ఆవిడ మళ్లీ కళ్లు తెరవలేదు. వెంటిలేటర్ మీద ఆరు రోజులుండి పోయారు.

పలకరించడానికి వెళ్తే ఆయన నాతో అన్న మాట ఇది: "మీ సీరియల్లోలాగే లేచి కూర్చుంటుందనుకున్నానండీ." నిష్ఠూరంగా అనలేదు. అదే నాకు ఎక్కువ తగిలింది. అమ్మ రోజూ మీ సీరియల్ చూసేది, మంచం మీద ఉన్నప్పుడు కూడా ఏమైందని అడిగేది అని చెప్పి లోపలికి వెళ్లిపోయాడు.

ఈ సంగతి యూనిట్‌లో చెప్పాను. ఇద్దరు రెండు మాటలన్నారు. ఒకరు "ఇది కథని జనానికి తెలుసు" అన్నారు. ఇంకొకరు "మనం సమాజంలో ఉన్నదే చూపిస్తాం" అన్నారు. ఈ రెండు మాటలూ పదకొండేళ్లుగా వింటున్నాను, నేనూ అన్నాను. కానీ ఈసారి రెండూ నా ముందు నిలబడలేదు. ఉన్నదే చూపిస్తున్నాం అంటే ఆ సీన్ ఎక్కడా లేదు. కథని జనానికి తెలుసు అంటే, చదువుకుని బాధ్యత గల ఉద్యోగంలో ఉన్న మనిషి, కన్నతల్లి విషయంలో, దాన్నే నమ్మాడు.

నా ప్రశ్న: తెర మీద చూసింది మనుషుల నిర్ణయాల్లోకి నిజంగా దిగుతుందా? దిగితే ఏది దిగుతుంది, ఏది దిగదు? అభిప్రాయాలు నా దగ్గరా ఉన్నాయి. మీరు కళ్లారా చూసినవి, గట్టిగా లెక్క తేలినవి చెప్పండి. వచ్చే షెడ్యూల్లో మళ్లీ ఇదే సీన్ ఉంది. నేనే రాయాలి.

---

రాత్రిడ్యూటీ:

అక్కా, నేను ఐసీయూ నర్సుని, ఇది పద్నాలుగో ఏడు. మీ పక్కింటాయన మాట నాకు కొత్త కాదు. కొందరు పైకి అనరు, అంతే తేడా. మానిటర్ చూపించి "ఆ షాక్ పెట్టండి సిస్టర్" అంటారు. తిన్నటి గీతకి షాక్ పెట్టరని ఆ నిమిషంలో వాళ్లకి ఎలా చెప్పను? గుండె లయ తప్పి గిలగిల్లాడుతున్నప్పుడు ఆ గిలగిలని ఆపడానికి షాక్. అసలు కదలికే లేని గుండెకి అది పనిచేయదు. అప్పుడు చేయగలిగింది ఒత్తడం, మందులివ్వడం, ఎందుకు ఆగిందో వెతకడం. సీరియల్లో మాత్రం తిన్నటి గీత పడగానే షాక్ పెడతారు. చూసేవాళ్లకి ఆ గీత ఒక్కటే అర్థమవుతుంది కాబట్టి మీరూ అదే రాస్తారు.

ఒత్తడం సంగతి కూడా చెబుతాను. పెద్దవాళ్లకైతే ఛాతీ కనీసం 5 సెంటీమీటర్లు లోపలికి దిగాలి, నిమిషానికి 100 నుంచి 120 సార్లు. రెండేసి నిమిషాలకి మనిషి మారాలి, లేకపోతే చేతుల్లో బలం నిలవదు. మోచేతులు వంచకూడదు. మీ నటుడి మీద అలా ఒత్తితే ఆయనకే ఎముకలు విరుగుతాయి కాబట్టి మోచేతులు వంచి ఒత్తినట్టు చేస్తారు. వేరే దారి లేదు, అర్థం చేసుకోగలను. కానీ ఇంట్లో కూర్చుని చూసేవాళ్లకి అది నిద్రపోతున్న మనిషిని తట్టి లేపినట్టు కనిపిస్తుంది.

మీరు లెక్క అడిగారు. 1996లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఒక పరిశోధన వచ్చింది. ముగ్గురు డాక్టర్లు మూడు అమెరికన్ టీవీ కార్యక్రమాల ఎపిసోడ్లు 97 కూర్చుని చూశారు. వాటిలో 60 సార్లు సీపీఆర్, అంటే ఛాతీ ఒత్తి గుండెని తిరిగి ఆడించే ప్రయత్నం, చేశారు. 75 శాతం మంది అప్పటికి బతికారు, 67 శాతం మంది ఇల్లు చేరినట్టే కథ నడిచింది. అసలు ఆసుపత్రిలో ఉండగా గుండె ఆగినవాళ్లలో ప్రాణంతో ఇంటికి వెళ్లేది అమెరికా లెక్కల్లో సుమారు నలుగురిలో ఒకరు. వయసు మీద పడి, రెండు మూడు అవయవాలు దెబ్బతిన్నవాళ్లలో అంతకంటే తక్కువ. ఇంకో సంగతి కూడా ఆ ముగ్గురూ గమనించారు: టీవీలో గుండె ఆగినవాళ్లలో ఎక్కువమంది పిల్లలు, యువకులు. మా వార్డులో అలా ఉండదు.

అయితే ఒకటి అడ్డం తిప్పి చెప్పాలి. ఈ సీన్‌ని భయపెట్టేలా మార్చేయకండి. బయట, ఇంట్లోనో రోడ్డు మీదో, మనిషి హఠాత్తుగా కుప్పకూలితే పక్కనున్నవాళ్లు వెంటనే ఛాతీ ఒత్తడం మొదలుపెడితే బతికే అవకాశం రెండు మూడు రెట్లవుతుంది. పదిహేడేళ్ల కుర్రాడొకడు వాళ్ల తాతని అలా ఒత్తుతూనే అంబులెన్సు దాకా నిలబెట్టాడు. ఎక్కడ నేర్చుకున్నావని అడిగితే సినిమాలో చూశానన్నాడు. తాత నడిచి ఇంటికి వెళ్లాడు. అంటే మీ సీన్ ఒకచోట ప్రాణం పోసింది, ఇంకోచోట ఆరు రోజుల నరకం పెట్టింది. అదే చేతి పని, మనిషి వేరు, సమయం వేరు. ఆ తేడా సీరియల్లో ఎప్పుడూ రాదు.

ఇంకొకటి. మంచం పక్కన డాక్టరు ఆ ప్రశ్న అడగడం, అంటే మీ పక్కింటాయన్ని అడిగిన ప్రశ్న, నేను ఇప్పటిదాకా ఒక్క సీరియల్లో చూడలేదు.

---

చాక్‌పీస్:

అమ్మా, నేను సోషియాలజీ చెప్పి రిటైరైనవాణ్ణి. ఏది దిగుతుంది, ఏది దిగదు అని విడదీసి అడిగారు. చాలామంది ఈ విడదీయడమే చేయరు.

పిల్లలకు ఏటా చెప్పిన ఉదాహరణ బ్రెజిల్. 1960లో అక్కడ ఒక స్త్రీకి సగటున 6.3 మంది పిల్లలు, 2000 నాటికి 2.3. దీనికి చదువు, నగరాలు, ఆసుపత్రులు, అన్నీ కారణాలే. అయినా ముగ్గురు పరిశోధకులు, లా ఫెరారా, చాంగ్, డురియా, ఒక చిత్రమైన అవకాశం పట్టుకున్నారు. సీరియల్స్ వేసే రెడే గ్లోబో అనే ఛానెల్ ప్రసారం దేశమంతటికీ ఒకేసారి చేరలేదు, ఒక్కో ప్రాంతానికి ఒక్కో ఏడు చేరింది. సిగ్నల్ వచ్చిన చోటనీ ఇంకా రాని చోటనీ పక్కపక్కన పెట్టి చూశారు. వచ్చిన చోట కాన్పులు తగ్గాయి, పేద స్త్రీలలో మరీ ఎక్కువగా. 2012లో అచ్చయింది ఆ పరిశోధన. ఆ ప్రాంతాల్లో పుట్టిన పిల్లలకు సీరియల్ పాత్రల పేర్లు పెట్టడం కూడా కనిపించింది. తల్లిదండ్రులు చూశారనడానికి అంతకన్నా రుజువేం కావాలి?

ఇక్కడ అసలు మాట వినండి. ఆ సీరియల్స్ "పిల్లల్ని తక్కువ కనండి" అని ఎక్కడా చెప్పలేదు. ప్రేమలు, పగలు, ఆస్తులు, అవే కథలు. 1965 నుంచి 1999 దాకా వచ్చిన 115 సీరియల్స్ చూస్తే, యాభై లోపు వయసున్న ముఖ్య స్త్రీ పాత్రల్లో 72 శాతం మందికి పిల్లలే లేరు, 21 శాతం మందికి ఒక్కరే. ఎందుకంటారు? మీకే బాగా తెలుసు, సెట్ మీద ఐదుగురు పిల్లల్ని పెట్టుకుని కథ నడపడం ఎంత కష్టమో. రచయిత సౌకర్యం కోసం చేసినది చూసేవాళ్లకి జీవితం ఇలాగే ఉంటుంది కాబోలు అనిపించింది.

నీతి చెప్పిన సీన్ని జనం ఎదురు ప్రశ్నిస్తారు. విలన్ మంచివాడైపోతే నవ్వుతారు. కానీ వెనక గోడ మీద ఏముందో, ఆడది ఉద్యోగానికి వెళ్తుంటే ఇంట్లో ఎవరూ ఏమీ అనకపోవడం, గుండె ఆగినవాడు మర్నాడు కూర్చోవడం, వీటిని ఎవరూ ప్రశ్నించరు. కథ వీటి గురించి కాదు కదా. అందుకే ఇవి నేరుగా దిగుతాయి.

మన దేశంలోనూ జెన్సన్, ఓస్టర్ అనే ఇద్దరు 2001 నుంచి 2003 దాకా పల్లెల్లో కేబుల్ టీవీ కొత్తగా వచ్చిన చోట్ల వివరాలు సేకరించారు. భార్యని కొట్టడం తప్పులేదనే స్త్రీలు తగ్గారు, కొడుకే కావాలనేవాళ్లు తగ్గారు, తనంతట తాను బయటకి వెళ్లగలనన్నవాళ్లు పెరిగారు. 2009లో ప్రచురించారు. సీరియల్ అత్తాకోడళ్ల గొడవలని మనం తిట్టుకుంటున్న రోజుల్లోనే ఇది జరిగింది.

మంచే దిగుతుందని చెప్పను. ఫిజీలో నడ్రోగా అనే ప్రాంతానికి 1995లో టీవీ వచ్చింది. ఆన్ బెకర్ అనే డాక్టరు అప్పుడే అక్కడి ఆడపిల్లల్ని ప్రశ్నలడిగారు, మూడేళ్ల తర్వాత 1998లో మళ్లీ అడిగారు. బరువు తగ్గడానికి కావాలని వాంతి చేసుకునేవాళ్లు మొదటిసారి ఒక్కరూ లేరు. రెండోసారి 11.3 శాతం. నిండుగా ఉన్న ఒళ్లే ఆరోగ్యమనుకునే సమాజం అది. చూసిన సీరియల్స్‌లో సన్నబడమని ఎవరూ ఉపదేశించి ఉండరు. సన్నగా ఉన్నవాళ్లు సుఖంగా బతుకుతున్నట్టు కనిపించారు, చాలు.

మీ పక్కింటాయన నమ్మింది కూడా మీ కథని కాదమ్మా. కథ వెనక మీరు పట్టించుకోకుండా పెట్టిన వస్తువుని.

---

కత్తెర:

నేను ఇరవై ఏళ్లుగా ఎడిటింగ్ చేస్తున్నాను. మాస్టారి మాట చాలావరకు ఒప్పుకుంటాను గానీ, తెరకి ఇంత బలం ఇచ్చేస్తే నాకు నచ్చదు. చేప సినిమా వచ్చిందంటే ఆ చేపలన్నీ జనం కొనేస్తారని పత్రికలు రాశాయి. 2016లో "ఫైండింగ్ డోరీ" వచ్చాక అమెరికాకి దిగుమతైన ఆ నీలి చేపల లెక్క తీశారు. పెరగలేదు. ఇంటర్నెట్‌లో ఆ చేప గురించి వెతకడం మాత్రం కొద్ది వారాలు పెరిగింది. చూడటం వేరు, చేయడం వేరు. దీన్ని కలిపేసి ప్రతి తప్పూ సినిమా మీదకి నెడతారు.

ఇంకో పక్క, "ఉన్నదే చూపిస్తాం" అనే మాట కూడా నేను ఎడిటింగ్ టేబుల్ మీద ఎప్పుడూ నమ్మలేదు. 1934 నుంచి 1968 వరకు హాలీవుడ్ ఒక నియమావళి కింద సినిమాలు తీసింది, హేస్ కోడ్ అంటారు. నేరం చేసినవాడికి శిక్ష పడి తీరాలి. తెల్లవాళ్లకీ నల్లవాళ్లకీ మధ్య ప్రేమ చూపకూడదు. పెళ్లయిన జంట పడకగదిలో కూడా రెండు వేర్వేరు మంచాలు ఉండేవి. ఆ ముప్పై నాలుగేళ్ల సినిమాలు చూసి అప్పటి జనం ఇలా బతికారనుకుంటే ఎంత పొరపాటు? అద్దం అంటారు గానీ, ఆ అద్దానికి ఎవరు ఎక్కడ మసి పూశారో కూడా చూడాలి. ఏది కోసేశామో దాంట్లోనే సమాజం ఎక్కువగా కనబడుతుంది. నేను కోసేవాణ్ణి కాబట్టి చెబుతున్నాను.

తెర నిజంగా కదిలించిన సంగతి ఒకటుంది, దాని గురించి చాలా ఆలోచించాను. బ్రిటన్‌లో పోస్టాఫీసులు నడిపే చిన్న ఏజెంట్ల మీద డబ్బు కాజేశారని కేసులు పెట్టారు. 1999 నుంచి 2015 దాకా 900 మందికి పైగా శిక్ష పడింది. జైలుకి వెళ్లారు, ఇళ్లు అమ్ముకున్నారు, కొందరు ప్రాణాలు తీసుకున్నారు. తప్పంతా హొరైజన్ అనే కంప్యూటర్ వ్యవస్థది. 2009లోనే "కంప్యూటర్ వీక్లీ" పత్రిక రాసింది. 2019లో హైకోర్టు తీర్పు వచ్చింది. 2021లో 39 మంది శిక్షలు కొట్టేశారు. అన్నీ తెలిసినవే, అన్నీ కాగితం మీద ఉన్నవే. మిగతా వందల మంది అలాగే దోషులుగా ఉండిపోయారు.

2024 జనవరి 1 నుంచి నాలుగు రాత్రులు అక్కడి ఐటీవీ ఛానెల్లో ఆ కథ నాటకంగా వచ్చింది. జనవరి 10న ప్రధానమంత్రి పార్లమెంటులో నిలబడి అందరి శిక్షలూ రద్దు చేసే చట్టం తెస్తామన్నాడు. మే నెలలో చట్టం అయింది.

పదిహేనేళ్ల వార్తలు చేయలేనిది నాలుగు రాత్రులు చేశాయని అందరూ అన్నారు. నాకు అక్కడే పేచీ. ఆ ఏజెంట్లు ఇరవై ఏళ్లు కాగితాలు దాచి, ఒకరినొకరు వెతుక్కుని, కోర్టులో గెలిచి ఉండకపోతే ఆ నాలుగు రాత్రులకి కథే లేదు. తెర నిప్పు పుట్టించలేదు. ఎండి ఉన్న కట్టెలకి గాలి విసిరింది. కానీ ఆ గాలి ఏమిటో ఎడిటర్‌గా నాకు తెలుసు. వార్తలో 900 అనే అంకె చూస్తాం. తెర మీద ఒక ఆవిడ కౌంటర్ దగ్గర కూర్చుని, లెక్క సరిచేద్దామని మీట నొక్కుతుంటే, కళ్లముందే లోటు రెట్టింపవుతుంది. ఆ ముఖం మీద షాట్ ఎంతసేపు ఆపాలన్నదే మా పని. ఆపినంతసేపు చూసేవాడు ఆవిడై ఉంటాడు.

సీన్‌పేపర్ గారూ, మీ పక్కింటి విషాదానికి మొత్తం బాధ్యత మీరు మోయకండి. ఆ డాక్టర్లు ఆ ప్రశ్న ఎలా అడిగారు? ఎంత వివరంగా చెప్పారు? కారిడార్లో రెండు నిమిషాల్లో అడిగి ఉంటే, ఆ మనిషి తనకి తెలిసిన ఒకే ఒక్క బొమ్మని పట్టుకున్నాడు. ఇంకో బొమ్మ ఎవరూ ఇవ్వలేదు.

---

సీన్‌పేపర్:

అందరికీ నమస్కారం. మూడూ రెండేసిసార్లు చదివాను.

కత్తెర గారూ, మీరు నా బరువు దించాలని రాశారు, నాకు తెలుసు. కానీ "తెలిసిన ఒకే ఒక్క బొమ్మ" అన్నారు చూశారా, ఆ బొమ్మ నేను గీసిందే. ఇంకో బొమ్మ ఇవ్వకపోవడం ఆసుపత్రి లోపం కావచ్చు, నాకు తెలియదు. నా తొమ్మిది బొమ్మలూ ఒకేలా ఉండటం మాత్రం నా లోపం.

"జాస్" రాసిన పీటర్ బెంచ్లీ సంగతి గుర్తొచ్చింది. 1974లో నవల, 1975లో సినిమా. మనిషి మీద పగబట్టిన షార్క్ కథ. షార్క్‌లు అలా పగబట్టవని తర్వాత తెలుసుకుని, వాటిని చంపేస్తున్నారని చూసి, ఆయన మిగిలిన జీవితంలో చాలా భాగం షార్క్‌ల రక్షణ కోసం తిరిగాడు. ఆ నవల ఇప్పుడైతే రాయలేనని చెప్పాడు. ఆయన అబద్ధం రాయాలని రాయలేదు. అప్పటికి అందరికీ తెలిసినంతే తనకీ తెలుసు. నా సంగతి అలా కాదు. నాకు ఒక ఫోన్ కాల్ దూరంలో డాక్టర్లున్నారు. తొమ్మిదిసార్లలో ఒక్కసారి కూడా అడగలేదు.

చాక్‌పీస్ మాస్టారూ, కథ వెనక పెట్టిన వస్తువు అన్నారు. అది చదివాక నిన్న నా పాత సీన్లు తీసి చూసుకున్నాను, కథ కాకుండా వెనక ఏముందో మాత్రమే. ఆడవాళ్లు డబ్బు లెక్కపెట్టే సీన్ ఒక్కటి లేదు, లెక్కలన్నీ మగవాళ్లవే. నలభై దాటిన స్త్రీ ఏదైనా కొత్తగా నేర్చుకునే సీన్ లేదు. ఆసుపత్రిలో నర్సుకి మాట లేదు, సూది పెట్టి వెళ్లిపోతుంది. ఇవేవీ నేను కావాలని రాసినవి కావు. రాత్రిడ్యూటీ, నీకు క్షమాపణ చెప్పాలనిపించింది.

ఇప్పుడు నా ఇబ్బంది. ఈ ట్రాక్‌లో పెద్దాయన బతకాలి. ఆయన బతక్కపోతే ఆస్తి కథ నడవదు, అది నా చేతిలో లేదు. సీపీఆర్ గురించి పాఠం చెప్పే సీన్ పెడితే క్రియేటివ్ టీమ్ మొదటి చదువులోనే కొట్టేస్తుంది, కొట్టేయడం న్యాయం కూడా. ఏం చేయగలను?

---

చాక్‌పీస్:

పాఠం వద్దమ్మా. ఒక్క వాక్యం చాలు. ఇదీ జరిగిన సంగతే.

1988లో హార్వర్డ్ ప్రజారోగ్య విభాగంలో జే విన్‌స్టెన్ అనే ఆయన హాలీవుడ్ వెళ్లి మీలాంటి రచయితల్నీ నిర్మాతల్నీ ఒక్కొక్కరినీ కలిశాడు. తాగి బండి నడిపి చనిపోయేవాళ్ల గురించి. ఆయన కథలు మార్చమనలేదు, ఎపిసోడ్ కేటాయించమనలేదు. పాత్రలు పార్టీకి వెళ్లేటప్పుడు "ఈ రాత్రి బండి నడిపేది ఎవరు? వాడు తాగడు" అనే ఆలోచన ఎక్కడైనా ఒక మాటగా పడనివ్వండి అని అడిగాడు. స్కాండినేవియాలో ఉన్న అలవాటు అది, అమెరికాలో దానికి పేరు కూడా స్థిరపడలేదు. తర్వాతి నాలుగు సీజన్లలో 160కి పైగా కార్యక్రమాల్లో ఆ మాట పడింది. కొన్నిచోట్ల ఒక డైలాగు, కొన్నిచోట్ల గోడ మీద పోస్టరు. 1991కి ఆ పదం, డిజిగ్నేటెడ్ డ్రైవర్, నిఘంటువులోకి ఎక్కింది. తాగి నడపడం వల్ల చావులు తగ్గడానికి చట్టాలు, పోలీసులు కూడా కారణమే, అంతా టీవీ ఘనత అనను. కానీ బండి ఎవరు నడుపుతారు అని బయల్దేరే ముందే అడగడం మామూలు మాటైపోయింది.

రాత్రిడ్యూటీ ఏమంది? ఆ ప్రశ్న ఒక్క సీరియల్లోనూ వినలేదంది. మీ పెద్దాయన్ని బతకనివ్వండి. గుండె ఆగకముందు ఆ ప్రశ్న అడిగించండి.

---

సీన్‌పేపర్:

రాశాను. తెల్లవారి నాలుగైంది. తప్పులుంటే చెప్పండి, ముఖ్యంగా రాత్రిడ్యూటీ.

*ఐసీయూ బయట. డాక్టరు, కొడుకు, కోడలు నిలబడి ఉన్నారు.*

*డాక్టరు: మీ నాన్నగారి గుండె బలహీనంగా ఉంది. అది ఆగిపోతే ఛాతీ మీద గట్టిగా ఒత్తి, మళ్లీ ఆడించే ప్రయత్నం చేయగలం. ఈ వయసులో, ఈ కిడ్నీలతో అది ఫలించే అవకాశం తక్కువ. ఫలించినా మునుపటిలా ఉంటారని నేను మాట ఇవ్వలేను. చేయమంటారా?*

*కొడుకు: అదేం ప్రశ్న డాక్టర్? మా నాన్న అండీ ఆయన!*

*కోడలు (మెల్లగా): నాతో ఒకసారి అన్నారు. యంత్రాల మధ్య పోవడం ఇష్టం లేదన్నారు.*

*కొడుకు ఆమెవైపు తిరుగుతాడు. ఇన్నాళ్లూ ఈ మాట తనకి తెలియదు.*

దీనివల్ల కథకి కూడా లాభమే అనిపించింది. ఆయన కొడుకుతో కాకుండా కోడలితో ఎందుకు చెప్పాడన్నది రెండు ఎపిసోడ్లు నడుస్తుంది. ఆయన గుండె ఆగకుండానే కోలుకుంటాడు. షాక్ సీన్ తీసేశాను.

---

రాత్రిడ్యూటీ:

అక్కా, డ్యూటీ దిగి బస్సులో చదివాను. రెండు మార్పులు.

ఒకటి, "చేయమంటారా" అని అడిగించకండి. అలా అడిగితే తండ్రిని చంపమంటావా, బతికించమంటావా అని కొడుకుని నిలదీసినట్టుంటుంది. ఎవరైనా చేయండనే అంటారు, మీ పక్కింటాయన అన్నట్టే. బాగా మాట్లాడే డాక్టర్లు అలా అడగరు. "ఆయనకే మాట్లాడే శక్తి ఉంటే ఇప్పుడు ఏమనేవారు?" అని అడుగుతారు. అప్పుడు నిర్ణయం కొడుకుది కాదు, తండ్రిది. కొడుకు ఆ మాట మోసుకొచ్చేవాడు మాత్రమే. ఆ ఒక్క మార్పుతో ముఖాలు ఎలా మారతాయో నేను చాలాసార్లు చూశాను. భుజాలు దిగుతాయి. కొందరికి అప్పుడే ఏడుపొస్తుంది.

రెండు, ముగ్గుర్నీ కూర్చోబెట్టండి. సీరియల్ డాక్టర్లు ఎప్పుడూ నిలబడి, చేతిలో ఫైలు పట్టుకుని, వెళ్లిపోతూ చెబుతారు. కూర్చుని చెబితే విన్నది తలకెక్కుతుంది. వీలుంటే ఒక నర్సుని కూడా పక్కన ఉంచండి. మాట లేకపోయినా సరే.

---

కత్తెర:

కూర్చోబెడితే క్లోజప్‌లు కూడా బాగా వస్తాయి. కోడలి మాట తర్వాత కొడుకు ముఖం మీద ఆపమని సీన్ పేపర్‌లోనే రాసెయ్యండి. రాయకపోతే మావాళ్లు వెంటనే కోడలి మీదకి కట్ చేసి మ్యూజిక్ వేస్తారు.

---

సీన్‌పేపర్:

మూడూ పెట్టాను. నాలుగు కుర్చీలు, ఒకటి నర్సుకి. నర్సుకి ఒక మాట కూడా ఇచ్చాను: డాక్టరు వెళ్లిపోయాక కొడుకుతో "తొందరేం లేదండీ, కాసేపు కూర్చోండి" అంటుంది.

క్రియేటివ్ టీమ్ కొట్టేయలేదు. కోడలి ట్రాక్ బలపడిందని ఒప్పుకున్నారు. పొద్దున డైరెక్టర్ ఫోన్ చేసి, సీన్ చప్పగా ఉంటుందేమో, గోడ అవతల నుంచి మానిటర్ శబ్దం వినిపిస్తూ ఉంటే బావుంటుందా అని అడిగాడు. వద్దన్నాను. కొడుకు ఏం చెబుతాడా అని చూసేవాళ్లు ఎదురుచూసేటప్పుడు ఏ శబ్దమూ ఉండకూడదన్నాను. సరే అన్నాడు. గురువారం షూటింగ్.